డేరా కట్టిన చేతుల సాక్ష్యం: రెండు సర్కస్ మంటలు, రెండు పుస్తకాలు

సర్కస్ డేరా అంటుకున్న క్షణాన దాని కింద రెండు లోకాలు ఉంటాయి. టిక్కెట్టు కొని, పిల్లల చేయి పట్టుకుని, బల్లల మీద కూర్చున్న లోకం ఒకటి. తెల్లవారుజామున సామాను దించి, మేకులు దిగ్గొట్టి, గుంజలు నిలబెట్టి, మోకులు బిగించి ఆ బల్లల్ని వేసిన లోకం ఇంకొకటి. ప్రమాదం మీద వచ్చే పుస్తకాలు ఎక్కువగా మొదటి లోకం వైపు నుంచే పుడతాయి. ప్రాణాలు ఎక్కువగా పోయింది అక్కడే కాబట్టి అది సహజం. అయితే గుడ్డకు ఏం పూశారో, అత్యవసర సామాను ఏ లారీలో ఉండిపోయిందో, ఏ దారికి అడ్డంగా ఏం పెట్టారో తెలిసింది రెండో లోకానికే. సర్కస్ మంటల మీద వచ్చిన రెండు ప్రసిద్ధ పుస్తకాలను నేను ఈ ఒక్క ప్రశ్నతో పక్కపక్కన పెట్టి చూస్తున్నాను: డేరా కట్టిన మనిషి జ్ఞాపకానికి ఇందులో ఎంత చోటు దొరికింది?

మొదటిది అమెరికన్ నవలాకారుడు స్టూవర్ట్ ఓనాన్ 2000లో ప్రచురించిన ‘ది సర్కస్ ఫైర్’. అది నవల కాదు, జరిగిన కథ. 1944 జులై 6 మధ్యాహ్నం కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ డేరా కాలిపోయింది. లోపల సుమారు ఏడు వేల మంది ఉన్నారు. 167 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు. రెండోది బ్రెజిల్ పాత్రికేయుడు మౌరో వెంతూరా 2011లో తెచ్చిన పోర్చుగీసు పుస్తకం. ‘భూమ్మీద అత్యంత విషాదకరమైన ప్రదర్శన’ అని దాని పేరుకు అర్థం. 1961 డిసెంబరు 17న రియో నగరానికి ఎదురుగా, అఖాతం అవతలి ఒడ్డున ఉన్న నితెరోయ్‌లో గ్రాన్ సిర్కో నోర్తె అమెరికానో డేరా కాలింది. మూడు వేల మంది ప్రేక్షకుల్లో 503 మంది పోయారని అధికారిక లెక్క. అక్కడ కూడా పసివాళ్లే ఎక్కువ.

మా పల్నాటి నాదెండ్ల నుంచి ఈ రెండు ఊళ్లూ చాలా దూరం. కానీ ఆ డేరాలు నేసిన నూలు మాకు దగ్గరిది. ఈ మండలంలోని గణపవరం చుట్టూ స్పిన్నింగు మిల్లులున్నాయి. దూది మీద నిప్పు ఎలా పరుగెడుతుందో, ఒక బేలు అంటుకుంటే పక్క బేలును ఎంత వేగంగా లాగాలో అక్కడ పనిచేసేవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హార్ట్‌ఫర్డ్ డేరా నూలు కాన్వాసు. వాన నీళ్లు కారకుండా దానికి మైనం పూశారు. ఆ మైనాన్ని కరిగించింది పెట్రోలులో. నితెరోయ్ డేరా సరికొత్త నైలాను డేరా అని ప్రచారం చేశారు, తీరా చూస్తే అదీ మైనం పట్టించిన నూలు గుడ్డే. పల్నాటి పాఠకుడికి ఈ ఒక్క వివరం చెబితే చాలు, పది నిమిషాల్లోపు అంత పెద్ద డేరా ఎలా కూలిందో విడమరచి చెప్పాల్సిన పని ఉండదు.

ఓనాన్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఈ గుడ్డ గురించి, పనుల గురించి చెప్పిన భాగాలే. యుద్ధకాలం. మంట అంటని రసాయనం సైన్యం అవసరాలకే సరిపోతోంది. మగవాళ్లు యుద్ధానికి పోయారు కనక కంపెనీకి కూలీల కరువు. కొత్తగా చేరిన పిల్లవాళ్లతో, చాలీచాలని మనుషులతో ఊరూరా డేరా లేపుతున్నారు. మంటలార్పే సిలిండర్లు ఉన్నాయి, కానీ ఆ రోజు వాటిని డేరాలో పంచి పెట్టలేదు. బల్లల కింద నీళ్ల బకెట్లతో కాపలా ఉండి, పైనుంచి పడే సిగరెట్టు ముక్కల్ని చూసుకోవాల్సిన పనివాళ్లు ఉండేవారు. ఆ ఉద్యోగం ఒకటి ఉండేదన్న సంగతే ప్రేక్షకుడికి తెలియదు. రెండేళ్ల ముందు, 1942 ఆగస్టులో, క్లీవ్‌లాండ్‌లో ఇదే కంపెనీ జంతువుల డేరా కాలి పదుల సంఖ్యలో జంతువులు చచ్చిపోయాయి. అంటే హార్ట్‌ఫర్డ్ మైదానంలో మోకు పట్టుకున్నవాళ్లలో కొందరికి డేరా మంట అంతకుముందే తెలుసు. ఒక పనివాడి జ్ఞాపకంలో మంట ఒక్కసారే రాదు, పాత మంట మీదుగా వస్తుంది. ఓనాన్ ఆ రెండు తేదీల్నీ కలిపి చూపడం వల్లే ఆ బరువు మనకు అందింది.

మంటను మొదట చూసిన కళ్లు ఎవరివన్న దగ్గర రెండు ఘటనలూ ఒకే రకంగా ఉన్నాయి. రెండుచోట్లా ముందు చూసినవాళ్లలో పైనున్నవాళ్లు ఉన్నారు. హార్ట్‌ఫర్డ్‌లో వాలెండా కుటుంబం తీగ మీది ఆట మొదలుపెడుతోంది, నితెరోయ్‌లో అంతోనియెత స్తెవనోవిచ్ ఉయ్యాల మీద ఉంది. కింద కూర్చున్న జనం తలెత్తి వాళ్లను చూస్తున్నారు. వాళ్లేమో డేరా పక్కగుడ్డనూ పైగుడ్డనూ చూస్తున్నారు. తీగ మీద నిలబడ్డ మనిషికి ఆ కొద్ది క్షణాల్లో కళ్ల ముందు నిప్పు, కాళ్ల కింద శూన్యం, తాడు పట్టుకుని జారాల్సిన దూరం. కిందివాళ్లకు ఆ క్షణంలో ఇంకా ఆట నడుస్తూనే ఉంది. ఈ రెండు జ్ఞాపకాలకూ మధ్య ఉన్న ఆ కొద్ది వ్యవధిని సరిగ్గా పట్టుకోవడమే ఇలాంటి పుస్తకానికి అసలు పరీక్ష. ఓనాన్ గంటల వారీగా, ఆ తర్వాత నిమిషాల వారీగా కథ నడుపుతాడు కాబట్టి ఆ వ్యవధి అతనికి దొరికింది. వెంతూరా మనిషి తర్వాత మనిషిగా కథ చెబుతాడు. ఒక్కో జీవితం పూర్తిగా తెలుస్తుంది కానీ, ఒకే క్షణాన అందరూ ఎక్కడెక్కడ ఉన్నారో ఆ పటం మనమే గీసుకోవాలి.

హార్ట్‌ఫర్డ్ బ్యాండు సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. మంట కనబడగానే బ్యాండు మాస్టరు మెర్ల్ ఎవాన్స్ అమెరికన్ దేశభక్తి బాణీ ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ ఎత్తుకున్నాడు. సర్కస్ మనుషులకు అది ప్రమాద సంకేతం, ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ బాణీ వాయించరు. జనానికి అది ఉత్సాహమిచ్చే పాట మాత్రమే. బళ్ల దగ్గర, గుర్రాల దగ్గర, దుస్తుల డేరాలో ఉన్న పనివాళ్లకు ఆ బాణీ వినగానే పని మారిపోయింది. ప్రదర్శన నడిపే ఫ్రెడ్ బ్రాడ్నా కంగారు పడకుండా బయటికి నడవమని మైకులో చెప్పబోతే కరెంటు పోయి గొంతు ఎవరికీ చేరలేదు. ఒకే డేరాలో ఒకే ధ్వని కొందరికి ఆజ్ఞ అయింది, మిగిలినవారికి వట్టి సంగీతంగానే ఉండిపోయింది. నా మటుకు ఓనాన్ పుస్తకం మొత్తంలో ఇంతకన్నా బాధ పెట్టే విషయం లేదు. ఆ సంకేతాన్ని కిందనున్న ఏడు వేల మందికి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు.

ఇనప బోనుల దారి గురించి కూడా రెండు జ్ఞాపకాలున్నాయి. పులుల్ని, చిరుతల్ని బోను బండి నుంచి రింగులోకి తోలడానికి ఇనప కమ్మీల సొరంగం లాంటి దారి వేస్తారు. ఆ మధ్యాహ్నం హార్ట్‌ఫర్డ్‌లో ఆ కమ్మీల దారులు ఉత్తరం వైపు బయటికెళ్లే మార్గాలకు అడ్డంగా ఉన్నాయి. జంతువుల ఆట అప్పుడే ముగిసింది. మే కోవర్ అనే శిక్షకురాలు చిరుతలు లోపలికి పోయేదాకా అక్కడే నిలబడింది. ఆమె అలా నిలబడకపోతే మంటలో ఉన్న జనం మధ్యకు చిరుతలు వచ్చేవి. ఆమె వైపు నుంచి చూస్తే ఆ కమ్మీల దారి వేల ప్రాణాల్ని కాపాడింది. దాన్ని ఎక్కలేక, దాని దగ్గర ఒకరి మీద ఒకరు పడి పోయినవాళ్ల వైపు నుంచి చూస్తే అది చావు గోడ. రెండూ నిజమే. విమర్శకుడిగా నేను ఓనాన్‌ను మెచ్చుకునేది ఇక్కడే. ఏ ఒక్క జ్ఞాపకాన్నీ రెండోదానితో కొట్టిపారేయకుండా రెంటినీ అక్కడే నిలబెట్టాడు.

నితెరోయ్‌లో దారి చూపింది ఏనుగు. బెదిరిన ఏనుగు డేరా పక్కగుడ్డను చీల్చుకుని పోతే, ఆ చీలికలోంచి చాలామంది బయటపడ్డారు. హార్ట్‌ఫర్డ్‌లో ఒక కుర్రవాడు జేబుకత్తితో గుడ్డ కోసి దారి చేశాడు. ద్వారాల దగ్గర తొక్కిసలాటలో జనం పోతున్నప్పుడు, పక్కగుడ్డ ఎత్తినా కోసినా చాలునన్న సంగతి డేరా కట్టేవాడికి ఒంట్లో ఉన్న తెలివి. లోపలికి వచ్చిన గుమ్మం వైపే బయటికి పోవాలనుకోవడం ప్రేక్షకుడి అలవాటు. ఇదంతా చదివాక నాకు మా కోటప్పకొండ తిరునాళ్ల గుర్తొచ్చింది. శివరాత్రికి విద్యుత్ దీపాల ప్రభల చుట్టూ వేలకొద్దీ మనుషులు, తాత్కాలికంగా వేసిన దుకాణాలు, గుడ్డ పందిళ్లు, వేలాడే వైర్లు. పందిరి వేసినవాడు ఆ రాత్రి అక్కడే ఉంటాడు. బయటికి దారెటో అతనికి తెలుసు. కానీ మనం అడిగే అలవాటు లేదు.

హార్ట్‌ఫర్డ్ మంటకు గుర్తుగా లోకం దాచుకున్న ఫొటో ఒకటి ఉంది. చిరుగుల కోటు, దిగులు మొహం వేషంలో ఉన్న జోకర్ ఎమ్మెట్ కెలీ అందులో బకెట్టుతో పరుగెడుతున్నాడు. ఆ రోజును ‘జోకర్లు ఏడ్చిన రోజు’ అని పిలుస్తూ వచ్చారు. ఈ పేరు నాకు నచ్చదు. ఫొటోలో ఉన్న మనిషి ఏడవడం లేదు, నీళ్లు మోస్తున్నాడు. దిగులు మొహం అతను రోజూ పూసుకునే రంగు, చేతిలోని బకెట్టు ఆ రోజు పని. జనం రంగును చూసి బకెట్టును మరిచిపోయారు. పనివాడిని బొమ్మగా మార్చేసి, ఆ బొమ్మ మీద తమ దుఃఖాన్ని అతికించుకున్నారు. కెలీ పదేళ్ల తర్వాత, 1954లో, తన జీవితకథ ప్రచురించాడు. అంతకు రెండేళ్ల ముందు బ్రాడ్నా నలభై ఏళ్ల సర్కస్ జీవితం మీద పుస్తకం తెచ్చాడు. ఈ రెండు ఆత్మకథల్ని, ఓనాన్ పుస్తకాన్ని కలిపి చదివితేనే హార్ట్‌ఫర్డ్ సంపూర్ణమవుతుంది. బయటినుంచి రాసినవాడు లెక్క సరిగా చెబుతాడు. లోపలివాడు ఆ లెక్కలో తన చేయి ఎక్కడుందో చెప్పగలడు.

ఇంత చేసినా ఓనాన్ పుస్తకం రెండో సగంలో డేరా మనుషులు పలచబడిపోతారు. శవాల గుర్తింపు, ఆసుపత్రులు, పేరు తెలియక 1565 అనే అంకెతో మిగిలిపోయిన చిన్నారి రహస్యం పుస్తకాన్ని లాక్కుపోతాయి. ఆ పాప ఎవరన్నది 1991లో ఒక పేరుతో తేల్చారు, ఓనాన్ ఆ నిర్ణయాన్ని నమ్మలేదు. తన అనుమానాలకు కారణాలు ఓపికగా చెప్పాడు. ఆ భాగం బిగువుగా ఉంటుందన్నది నిజం. అయినా చదువుతున్నంతసేపూ నా మనసు ఆ రాత్రి బూడిదలో గుంజలు ఏరుకుంటున్నవాళ్ల దగ్గరే ఉంది. వాళ్లకు జీతం వచ్చిందా, తర్వాతి ఊళ్లో కొత్త గుడ్డ కింద మళ్లీ బల్లలు వేస్తున్నప్పుడు చేతులు వణికాయా? కంపెనీ దాదాపు 50 లక్షల డాలర్ల నష్టపరిహారం పదేళ్లలో కట్టింది. ఆ బాకీ తీర్చడానికి ఊరూరా డేరా లేపింది ఆ చేతులే.

వెంతూరా బలం ఇంకో చోట ఉంది. అది నేరం మోపబడిన పనివాడి విషయంలో. నితెరోయ్‌లో డేరా ఎత్తడానికి కూలికి చేరిన ఒక యువకుడిని కంపెనీ కొద్ది రోజుల్లోనే తీసేసింది. అడిల్సన్ మార్సెలీనో ఆల్వెస్, అందరూ పిలిచే పేరు దేకిన్యా. పగబట్టి పెట్రోలు పోసి అంటించాడని అతనికీ మరో ఇద్దరికీ శిక్షపడింది. 1973లో జైలు నుంచి తప్పించుకున్న దేకిన్యా హత్యకు గురయ్యాడు. అతని మానసిక స్థితి, ఒప్పుకోలు, దర్యాప్తు జరిగిన వేగం మీద అనుమానాలు ఇప్పటికీ తీరలేదు. వెంతూరా ఆ అనుమానాల్ని పక్కకు తోయడు.

హార్ట్‌ఫర్డ్‌లోనూ ఇదే నీడ కనిపిస్తుంది. రాబర్ట్ సెగీ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు ఆ వేసవిలోనే కంపెనీలో కూలిగా చేరాడు. 1950లో ఒహాయోలో వేరే కేసులో పట్టుబడినప్పుడు హార్ట్‌ఫర్డ్ మంట తానే పెట్టానన్నాడు. తర్వాత కాదన్నాడు. ఆ నేరం మీద అతన్ని ఎప్పుడూ విచారించలేదు. మొదట సిగరెట్టు వల్ల అని రాసిన కారణాన్ని కనెక్టికట్ అధికారులు 1990ల మొదట్లో తిరిగి పరిశీలించి, తేలలేదని మార్చారు. ఇక కంపెనీ ఉపాధ్యక్షుడు జేమ్స్ హేలీ నిర్లక్ష్యం నేరం కింద శిక్ష అనుభవించి బయటికి వచ్చాక ఫ్లోరిడా నుంచి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికై 1953 నుంచి ఇరవై ఏళ్లకు పైగా సభ్యుడిగా ఉన్నాడు. సెగీ, హేలీల జీవితాల్ని ఎదురెదురుగా పెడితే చెప్పాల్సింది పెద్దగా మిగలదు. నిప్పురవ్వ ఎవరు వేశారన్న ప్రశ్న జనాన్ని పట్టుకుంటుంది. గుడ్డకు పెట్రోలు, మైనం కలిపి పూయమన్నది ఎవరన్న ప్రశ్న అంత గట్టిగా పట్టుకోదు. మొదటి ప్రశ్నకు జవాబుగా ఎప్పుడూ ఒక పేదవాడు దొరుకుతాడు.

మంట జ్ఞాపకాన్ని నేరం కథ కప్పేయడం మా ప్రాంతానికీ తెలుసు. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది కాలిపోయారు. దోపిడీకి వచ్చిన ఇద్దరు యువకులకు ఉరిశిక్ష పడింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అది వేరే రకం ఘటన, నేరం విషయంలో దాన్ని దేకిన్యా కేసుతో పోల్చను. జ్ఞాపకం విషయంలో మాత్రం పోలిక ఉంది. ఆ బస్సు మాట వస్తే ఇక్కడ ముందు గుర్తొచ్చేది ఉరి, క్షమాభిక్ష వాదనే. పోయిన 23 మంది ఆ వాదన వెనక్కి జరిగిపోయారు.

వెంతూరా పుస్తకంలో నగరం మొత్తం కదులుతుంది. సమ్మెలో ఉన్న ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడం, ప్లాస్టిక్ సర్జన్ ఇవో పితాంగీ కాలిన పిల్లల చర్మం కోసం పడ్డ తపన, స్టేడియంలో వడ్రంగులు శవపేటికలు కొట్టడం, వ్యాపారం వదిలేసి బూడిద మీద పూలతోట వేసి అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోయి ‘జెంచిలేజా ప్రవక్త’ అనిపించుకున్న మనిషి. ఇవన్నీ గొప్పగా ఉన్నాయి. కానీ ఇంత వెలుగున్న మనుషుల మధ్య సర్కస్ కళాకారులు, కూలీలు కొంత చీకట్లో పడ్డారని నా అభిప్రాయం. అమెరికన్ పుస్తకం డేరాను ఒక పనిశాలగా చూసింది, బ్రెజిల్ పుస్తకం దాన్ని ఊరికి తగిలిన గాయంగా చూసింది. ఓనాన్‌కు పనివాడు తెలుసు, నిందితుడు అంతగా లొంగలేదు. వెంతూరాకు నిందితుడు తెలుసు, పనిశాల అంతగా దొరకలేదు.

మన దేశానికి వస్తే 1981 ఫిబ్రవరి 7న బెంగళూరులో వీనస్ సర్కస్ డేరా కాలి 92 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. మన పక్క రాష్ట్రం, తెలుగువాళ్లు లక్షల్లో ఉన్న నగరం. దిల్లీలో ఉపహార్ సినిమా హాలు మంటలో (1997) ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు ‘ట్రయల్ బై ఫైర్’ రాశారు. అది పోగొట్టుకున్నవాళ్ల సాక్ష్యం, దాని నిజాయితీ ముందు విమర్శకుడు తల వంచాల్సిందే. బెంగళూరు మంటకు అలాంటి పుస్తకం ఒకటి రావాలి. దానితోపాటు డేరా మనుషుల సాక్ష్యం కూడా రావాలి. మన సర్కస్‌కు కేరళలోని తలశ్శేరి పుట్టినిల్లు లాంటిది. అక్కడ శ్రీధరన్ చంపాడ్ లాంటివాళ్లు ఆ జీవితాన్ని మలయాళంలో రాశారు. 1940లో రింగ్లింగ్ కంపెనీలో చేరి పులులు ఆడించిన పుణే మనిషి దాము ధోత్రే ఆత్మకథ మరాఠీలో ఉంది. మనకు కోడి రామమూర్తి నాయుడు ఉన్నాడు. ఆయన గుండె మీద ఏనుగును ఎక్కించుకున్న కథలు ప్రతి తెలుగు పిల్లవాడూ విన్నాడు. ఆయన కంపెనీ డేరా మేకులు కొట్టిన మనుషుల కథ విననేలేదు. 1998లో క్రూరమృగాల ఆటల మీద, 2011లో సుప్రీంకోర్టు తీర్పుతో పిల్లల చేత పనిచేయించడం మీద నిషేధం వచ్చింది. అవి ఆగవలసినవే. అదే కాలంలో డేరాలూ తగ్గిపోయి, వాటిని ఎరిగిన చేతులు చెదిరిపోయాయి.

ఈ రెంటిలో ఒక పుస్తకమే తెలుగులోకి తేవాల్సి వస్తే నేను ఓనాన్‌నే ముందు అడుగుతాను. వెంతూరా పుస్తకం ఎక్కువ కన్నీళ్లు తెప్పిస్తుంది, నిందితుడి పట్ల ఎక్కువ న్యాయంగా ఉంటుంది. అయినా మైనం ఎవరు పూశారు, కమ్మీల దారి ఎటు వేశారు, బాణీ ఎవరికి అర్థమైంది అన్న ప్రశ్నల్ని పేజీ వెనక పేజీగా అడగడం ఓనాన్ దగ్గరే నేర్చుకోవచ్చు. ఆ ప్రశ్నల జాబితా పట్టుకుని ఎవరైనా తలశ్శేరికో బెంగళూరుకో వెళ్లి, వీనస్ డేరా కింద పనిచేసి ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చోవచ్చు. ఆ రోజు మోకు ఎటు పట్టుకుని ఉన్నారు అని అడగడంతో మొదలుపెట్టవచ్చు.